కారుకు కరెంటు నేర్పిన కెట్టరింగ్

తాళం తిప్పగానే కారు స్టార్టవుతుంది. కొత్త కార్లలో అయితే బటన్ నొక్కితే చాలు. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, వైపర్లు తిరుగుతాయి. ఇవన్నీ మనకు చాలా మామూలు విషయాలు. కానీ 1912కు ముందు కారు స్టార్ట్ చేయడమంటే చేతులు విరగ్గొట్టుకోవడానికి సిద్ధపడటమే. ఆ బాధ నుంచి మనుషులను తప్పించినవాడు అమెరికాకు చెందిన ఒక రైతు బిడ్డ. చూపు సరిగా లేక రెండుసార్లు చదువు మానుకోవలసి వచ్చినవాడు. ఆయన పేరు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్.

మన వసతి గృహంలో చదివిన అన్నలు కొందరు డ్రైవర్లుగా, మెకానిక్కులుగా, ఆటో ఎలక్ట్రీషియన్లుగా బతుకుతున్నారు. కొందరు ఉద్యోగాలు చేసుకుంటూ పాత కారో కొత్త కారో కొనుక్కున్నారు. చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు రేపు ఆ స్థితికి వస్తారు. కాబట్టి కెట్టరింగ్ జీవితాన్ని, దానితోపాటు ఆయన కనిపెట్టిన ఏర్పాటును మన బండిలో ఎలా కాపాడుకోవాలన్న సంగతిని కలిపి తెలుసుకుందాం.

బాల్యం, చదువు

కెట్టరింగ్ 1876 ఆగస్టు 29న ఒహాయో రాష్ట్రంలోని లౌడన్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర జన్మించారు. తల్లిదండ్రులు జేకబ్, మార్తా. వ్యవసాయ కుటుంబం. ఐదుగురు పిల్లల్లో ఆయన నాలుగోవాడు. పొలం పనులు చేస్తూనే బడికి వెళ్లారు. చిన్నప్పటి నుంచి కంటిచూపు బలహీనం. ఎక్కువసేపు చదివితే విపరీతమైన తలనొప్పి వచ్చేది.

హైస్కూలు పూర్తయ్యాక పై చదువులకు వెంటనే వెళ్లలేదు. ఒకే గది ఉన్న పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. కొంత కూడబెట్టుకుని వూస్టర్ కళాశాలలో చేరితే కళ్లు సహకరించలేదు. తర్వాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌లో చేరారు. అక్కడా అదే బాధ. మళ్లీ చదువు ఆపేయాల్సి వచ్చింది.

ఇంజనీరు కావాలనుకున్నవాడు టెలిఫోన్ స్తంభాలకు గుంతలు తవ్వే పనికి కుదిరారు. ఆ పనిని ఆయన చిన్నచూపు చూడలేదు. ఆరుబయట గాలిలో పని చేయడంతో ఆరోగ్యం మెరుగుపడింది. తీగలు, బ్యాటరీలు, స్విచ్‌బోర్డులు చేతితో పట్టుకుని నేర్చుకునే అవకాశం దొరికింది. కొద్దికాలంలోనే ఆ కూలీల బృందానికి మేస్త్రీ అయ్యారు.

తర్వాత మళ్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తోటి విద్యార్థులు పాఠ్యపుస్తకాలు చదివి వినిపిస్తే విని గుర్తుపెట్టుకున్నారు. 1904లో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకునే నాటికి ఆయనకు 27 ఏళ్లు దాటాయి. ఆలస్యమైంది గాని ఆగిపోలేదు. మరుసటి సంవత్సరం ఆలివ్ విలియమ్స్‌ను వివాహం చేసుకున్నారు.

కొట్టు గల్లాపెట్టె నేర్పిన పాఠం

పట్టా రాగానే డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో ఉద్యోగం దొరికింది. దుకాణాల్లో డబ్బు లెక్క చూపే గల్లా యంత్రాలు తయారుచేసే సంస్థ అది. అప్పట్లో ఆ యంత్రాన్ని చేతితో తిప్పాల్సి వచ్చేది. దానికి విద్యుత్ మోటారు అమర్చే పని కెట్టరింగ్‌కు అప్పగించారు.

ఇక్కడే ఆయనకు ఒక ముఖ్యమైన ఆలోచన తట్టింది. ఫ్యాన్ మోటారు గంటల తరబడి తిరగాలి. గల్లా యంత్రం మోటారు అలా కాదు. ఒక్క క్షణం బలంగా లాగి ఆగిపోతుంది. తర్వాత మరో కొనుగోలుదారుడు వచ్చేదాకా దానికి విశ్రాంతే. అలాంటప్పుడు చిన్న మోటారుకే ఎక్కువ కరెంటు ఇచ్చి కొద్దిసేపు పెద్ద పని చేయించవచ్చు. వేడెక్కి కాలిపోయేలోపు దాని పని అయిపోతుంది. 1906లో విద్యుత్‌తో నడిచే గల్లా యంత్రం తయారైంది. ఈ పాఠమే ఐదేళ్ల తర్వాత కార్ల చరిత్రను మార్చింది.

కొట్టంలో ప్రయోగశాల

అదే సంస్థలో పనిచేసే ఎడ్వర్డ్ డీడ్స్ ఆయన మిత్రుడు. డీడ్స్ ఇంటి వెనుక ఒక కొట్టం ఉండేది. ఉద్యోగం ముగిశాక రాత్రులు, సెలవు రోజుల్లో కొందరు మిత్రులు అక్కడ చేరి కారు ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే ఏర్పాటు మీద ప్రయోగాలు చేశారు. పెట్రోలు ఇంజన్‌లో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని మండించడానికి సరైన సమయంలో ఒక నిప్పురవ్వ కావాలి. అప్పటి ఏర్పాట్లు ఒక్క రవ్వకు బదులు వరసగా చాలా రవ్వలు పుట్టించి బ్యాటరీని త్వరగా దించేసేవి. కెట్టరింగ్ బృందం ఒకే ఒక బలమైన రవ్వ వచ్చే పద్ధతి రూపొందించింది.

కాడిలాక్ కార్ల సంస్థ అధిపతి హెన్రీ లీలాండ్ దాన్ని మెచ్చి 8,000 సెట్లకు ఆర్డరు ఇచ్చారు. 1909లో కెట్టరింగ్ ఉద్యోగం వదిలేసి డీడ్స్‌తో కలిసి డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీని స్థాపించారు. ఆ పేరులోని మొదటి అక్షరాలతో ఏర్పడిందే డెల్కో. తర్వాతి కాలంలో ప్రపంచమంతా కారు విద్యుత్ పరికరాల మీద కనిపించిన పేరు ఇదే.

హ్యాండిల్ తెచ్చిన ప్రమాదాలు

ఆ రోజుల్లో కారు ముందు భాగంలో ఇనుప హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పితేనే ఇంజన్ స్టార్టయ్యేది. మన దగ్గర కూడా పాత లారీలకు, జీపులకు, అంబాసిడర్లకు ఇలాంటి హ్యాండిల్ ఉండటం పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఒక్కోసారి రవ్వ ముందుగా పడితే ఇంజన్ వెనక్కి తన్నేది. అప్పుడు హ్యాండిల్ విసురుగా వెనక్కి తిరిగి మణికట్టునో, మోచేతినో, దవడనో విరగ్గొట్టేది. మణికట్టు దగ్గర ఎముక విరిగే ఒక రకం గాయానికి వైద్యులు డ్రైవర్ల పేరే పెట్టారంటే ఆ ప్రమాదం ఎంత సాధారణమో తెలుస్తుంది. లీలాండ్‌కు బాగా తెలిసిన ఒకాయన ఇలాంటి దెబ్బతోనే మరణించారని, ఆ దుఃఖంతోనే లీలాండ్ దీనికి పరిష్కారం కోరారని చెప్పుకుంటారు.

విద్యుత్ మోటారుతో ఇంజన్‌ను తిప్పాలంటే ఆ మోటారు, దాని బ్యాటరీ దాదాపు కారంత ఉండాలని నిపుణులు కొట్టిపారేశారు. నిరంతరం తిరిగే మోటారు లెక్కన చూస్తే వాళ్ల మాట నిజమే. కానీ కెట్టరింగ్‌కు గల్లా యంత్రం గుర్తుంది. ఇంజన్ అందుకునేదాకా కొన్ని సెకన్లు తిప్పితే చాలు కదా!

1911 ఫిబ్రవరిలో ఆ ఏర్పాటు కాడిలాక్ కారులో పనిచేసి చూపించింది. 1912 మోడల్ కార్లలో అమర్చారు. పేటెంటు 1915 ఆగస్టులో మంజూరైంది. దీని గొప్పతనం స్టార్టింగ్ ఒక్కటే కాదు. ఒకే యంత్రం ముందు మోటారుగా ఇంజన్‌ను తిప్పేది. ఇంజన్ అందుకున్నాక అదే డైనమోగా మారి బ్యాటరీని ఛార్జ్ చేసేది. ఆ బ్యాటరీ నుంచి లైట్లు వెలిగేవి, ఇంజన్‌కు రవ్వ అందేది. పదో తరగతిలో మనం చదివే శ్రేణి సంధానం, సమాంతర సంధానం ఇందులో ఉన్నాయి. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ భాగాలు శ్రేణిలో కలిసి 24 వోల్టులు ఇచ్చేవి. ఛార్జింగ్‌కు, లైట్లకు సమాంతరంగా మారి 6 వోల్టుల దగ్గర పనిచేసేవి.

హ్యాండిల్ తిప్పే బలం అవసరం లేకపోవడంతో స్త్రీలు, వయసు మళ్లినవారు కూడా సొంతంగా పెట్రోలు కారు నడపగలిగారు. 1919 నుంచి ఫోర్డ్ మోడల్ టి కారుకు కూడా విద్యుత్ స్టార్టరు వచ్చింది. అప్పటిదాకా స్టార్టింగ్ సులభమన్న కారణంగా ఆదరణ పొందిన బ్యాటరీ కార్లు వెనకబడిపోవడానికి ఇదీ ఒక కారణమైంది. వందేళ్ల తర్వాత ఆ బ్యాటరీ కార్లే మళ్లీ రోడ్డెక్కడం విశేషం.

ఆయన సూత్రం, మన బండి

ఇప్పటి కారులో మోటారు వేరు, ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వేరు. బ్యాటరీ 12 వోల్టులది. కానీ సూత్రం కెట్టరింగ్‌దే. మనం సెల్ఫ్ అని పిలిచే మోటారు ఇప్పటికీ కొద్దిసేపు మాత్రమే భారం మోయడానికి తయారైనది. చిన్న కారులో కూడా సెల్ఫ్ తిరిగేటప్పుడు 150 ఆంపియర్ల వరకు కరెంటు లాగవచ్చు. ఆ క్షణంలో బ్యాటరీ దగ్గర 10 వోల్టులు ఉన్నాయనుకుంటే అది 1500 వాట్లు. అంటే 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు 20 తిరిగేంత శక్తి. అందుకే ఈ జాగ్రత్తలు పాటించాలి.

మొదటిది, సెల్ఫ్‌ను ఒకేసారి ఐదు నుంచి పది సెకన్లకు మించి తిప్పకూడదు. స్టార్ట్ కాకపోతే కనీసం అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి. మూడు నాలుగుసార్లకూ కాకపోతే లోపం వేరే చోట ఉందని అర్థం. అదే పనిగా తిప్పితే సెల్ఫ్ వైండింగ్ కాలుతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది.

రెండోది, బ్యాటరీ టెర్మినళ్లు బిగుతుగా, శుభ్రంగా ఉండాలి. వదులైన చోట వేడి పుడుతుంది. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే వైర్లు విప్పి, తినే సోడా కలిపిన నీళ్లతో బ్రష్ చేసి, తుడిచి ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. వైర్లు విప్పేటప్పుడు ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగెటివ్. దీనికి కారణం ఉంది. కారు బాడీ మొత్తం నెగెటివ్‌కు కలిసి ఉంటుంది. నెగెటివ్ తీయకుండా పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలినప్పుడు నేరుగా షార్ట్ అవుతుంది. చేతికి ఉంగరం, లోహపు గొలుసు ఉంటే ముందే తీసేయాలి.

మూడోది, ఇంజన్ ఆపి కొన్ని గంటలు గడిచాక నిండు బ్యాటరీ దగ్గర మీటరు 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. 12.2 కన్నా తక్కువైతే సగానికి పైగా దిగినట్లే. ఇంజన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటర్ దీన్ని అవసరాన్ని బట్టి మారుస్తుంది. బండి నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలిగితే ఛార్జింగ్ అందడం లేదని తెలుసుకుని వెంటనే చూపించాలి. ఎండకు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. మన వేసవిలో ఇది మరీ ముఖ్యం. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు, యాసిడ్ పోయకూడదు.

నాలుగోది, ఛార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల, నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు. బ్యాటరీ పేలితే యాసిడ్ కళ్లలో పడుతుంది. అలా పడితే ఆలస్యం చేయకుండా ధారగా మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మరో కారు బ్యాటరీ సాయంతో స్టార్ట్ చేసేటప్పుడు ఎర్ర వైరు ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించాలి. నల్ల వైరు ముందు మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి కొసను దిగిపోయిన కారు ఇంజన్ మీది రంగులేని లోహ భాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. చివరి తగిలింపులో రవ్వ వస్తుంది కాబట్టే ఆ దూరం. తీసేటప్పుడు ఇదే వరుసను తిరగేయాలి.

ఐదోది, ఫ్యూజు. ఫ్యూజు పోయిందంటే అది మన వైరును కాపాడి తాను కాలిపోయిందన్నమాట. 10 ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో 10 ఆంపియర్లదే వేయాలి. మామూలు బ్లేడ్ ఫ్యూజుల్లో 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం పెట్టడం అన్నది కారుకు నిప్పు పెట్టడంతో సమానం. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది. దాన్ని వెతికించాలి.

ఆరోది, అదనపు హంగులు. 55 వాట్ల బల్బు 12 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. దాని స్థానంలో 100 వాట్ల బల్బు పెడితే ఎనిమిది ఆంపియర్లు దాటుతుంది. ఆ వైరు, ఆ స్విచ్ అంత కరెంటుకు తయారైనవి కావు. వైరు తొడుగు కరిగి మంట పుడుతుంది. పెద్ద హారన్, అదనపు లైట్లు పెట్టించుకోవాలంటే విడిగా రిలే, ఫ్యూజు, తగిన మందం గల వైరు వేయించుకోవాలి. ఉన్న వైరును కోసి, మెలిపెట్టి, టేపు చుట్టే పనికి ఒప్పుకోకూడదు. చాలాకాలం ఆగి ఉన్న బండిలో ఎలుకలు వైర్లు కొరికాయేమో చూసుకోవాలి. నడుస్తుండగా రబ్బరు కాలిన వాసన వస్తే పక్కకు ఆపి, ఇంజన్ ఆపేసి, అందరినీ దించి దూరంగా వెళ్లి 112కు గాని 101కి గాని ఫోన్ చేయాలి. పొగ వచ్చే బానెట్‌ను బార్లా తెరిస్తే గాలి తగిలి మంట పెరుగుతుంది.

చివరిగా, పసుపు రంగు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్లను, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు వైర్లను మనం ముట్టకూడదు. నారింజ వైర్లలో వందల వోల్టులు ఉంటాయి. అవి ప్రత్యేక శిక్షణ ఉన్నవారి పని.

పల్లెకు వెలుగు

కెట్టరింగ్ కారు దగ్గరే ఆగలేదు. తాను పుట్టిన పల్లెల్లో రైతుల ఇళ్లు కిరోసిన్ దీపాల వెలుతురులోనే ఉండటం ఆయన మరిచిపోలేదు. పట్టణం నుంచి కరెంటు తీగ రాని ఇళ్ల కోసం చిన్న ఇంజన్, డైనమో, 32 వోల్టుల బ్యాటరీల వరుసతో డెల్కో లైట్ అనే యంత్రాన్ని రూపొందించారు. 1916 నుంచి అది పల్లెలకు చేరింది. దానితో రైతుల ఇళ్లలో దీపాలు వెలిగాయి, నీళ్ల పంపులు తిరిగాయి.

అదే సంవత్సరం డెల్కో చేతులు మారి, కొద్దికాలానికి జనరల్ మోటార్స్‌లో భాగమైంది. 1920 నుంచి 1947లో పదవీ విరమణ చేసేవరకు ఆ సంస్థ పరిశోధన విభాగాన్ని ఆయనే నడిపించారు. ఆయన పేరు మీద 180కి పైగా అమెరికన్ పేటెంట్లు ఉన్నాయి. అపజయాలూ ఉన్నాయి. నీటికి బదులు రాగి రెక్కలతో, గాలితో చల్లబడే ఇంజన్‌ను షెవర్లే కార్లలో పెడితే అది విఫలమై 1923లో ఆ కార్లను వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది. ఆయన కుంగిపోయినా పని మానలేదు.

చెప్పక తప్పని మచ్చ

గొప్పవారి చరిత్రలో మంచి మాత్రమే చెప్పడం న్యాయం కాదు. ఇంజన్‌లో టకటకమనే శబ్దం, అంటే నాకింగ్, కెట్టరింగ్ బ్యాటరీ రవ్వ వల్లే వస్తోందని కొందరు విమర్శించారు. అసలు కారణం ఇంధనంలో ఉందని ఆయన బృందం తేల్చింది. 1921 డిసెంబరులో ఆయన సహాయకుడు థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసం సమ్మేళనం కలిపితే ఆ శబ్దం ఆగుతుందని కనుగొన్నారు. సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. 1924లో న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో దాన్ని తయారుచేస్తూ ఐదుగురు కార్మికులు మరణించారు. అయినా వ్యాపారం ఆగలేదు. ఆ పెట్రోలును అమ్మిన సంస్థకు మొదటి అధ్యక్షుడు కెట్టరింగే. దశాబ్దాల పాటు ఆ సీసం పొగ ద్వారా పిల్లల రక్తంలోకి చేరి, వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీసింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచమంతటా కార్లకు అమ్మడం పూర్తిగా ఆగింది 2021లో.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. కారు బ్యాటరీలో ఉండేది సీసమే. పాత బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టి సీసం కరిగించి అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి. కానీ ఆ పొగ, ఆ బూడిద ఇంట్లో పిల్లల ఒంట్లోకి చేరతాయి. పాత బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చేయాలి. ధరలో తగ్గింపు కూడా ఇస్తారు.

చివరి రోజులు

1945లో జనరల్ మోటార్స్ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి న్యూయార్క్‌లో క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఏర్పాటుకు తోడ్పడ్డారు. అది ఇద్దరి పేర్లతో నేటికీ ప్రసిద్ధం. మరుసటి ఏడాదే ఆయన భార్య ఆలివ్ క్యాన్సర్‌తో మరణించారు. పని చేస్తూ చదువుకునే పద్ధతిని ఆయన జీవితాంతం సమర్థించారు. చదువు సగం, కర్మాగారంలో పని సగంగా విద్య నేర్పిన ఫ్లింట్ నగరంలోని ఇంజనీరింగ్ విద్యాసంస్థ 1998లో ఆయన పేరు పెట్టుకుంది. డేటన్ పక్కన కెట్టరింగ్ అనే నగరమే వెలిసింది. 1958 నవంబరు 25న, 82వ ఏట ఆయన కన్నుమూశారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! చూపు లేదని, వయసు మీరిందని, స్తంభాల గుంతలు తవ్వానని కెట్టరింగ్ తనను తాను తక్కువ చేసుకోలేదు. చేతిపనిలో నేర్చుకున్నదే ఆయన చదువుకు బలమైంది. పదో తరగతి తర్వాత ఐటీఐలో చేరేవారు, గ్యారేజీలో స్పానర్ పట్టేవారు తమది చిన్న పని అనుకోనక్కరలేదు. అయితే చేసే పని ఎవరి చెయ్యి కాపాడుతోంది, ఎవరి ఊపిరికి హాని చేస్తోంది అని రెండు వైపులా చూడాలి. సరైన ఫ్యూజు వేసిన ఆటో ఎలక్ట్రీషియన్, పాత బ్యాటరీని సక్రమంగా అప్పగించిన డ్రైవరు ఆ రెండో వైపు కూడా చూసినవారే.